సెంట్ఓఎస్ 7 మీద ల్యాబ్ రిపోర్టుల అప్లికేషన్: ఇప్పుడు ఎటు మారాలి?

రిపోర్టుల_రవి | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి ఐటీ పనులన్నీ నేనే చూస్తాను. అన్నీ అంటే ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నాకే ఫోన్. పేషెంట్లు రిపోర్టులు ఫోన్‌లో చూసుకోవడానికి ఒక పీహెచ్‌పీ అప్లికేషన్ ఉంది. 2015లో ఒకాయన రాసిచ్చి కెనడా వెళ్లిపోయారు. ఆయన వదిలి వెళ్లింది కోడ్, రూట్ పాస్‌వర్డ్, "ఏం ముట్టుకోకు" అనే సలహా.

సర్వర్ వివరాలు: 2 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (అద్దెకి తీసుకున్న వర్చువల్ సర్వర్), సెంట్ఓఎస్ 7 అనే లినక్స్ ఓఎస్, వెబ్ సర్వర్ అపాచీ 2.4.6, పీహెచ్‌పీ 5.4, డేటాబేస్ మరియాడీబీ 5.5.

నిన్న ఒక చిన్న ప్యాకేజీ కోసం యమ్ (ప్యాకేజీలు ఎక్కించే కమాండ్) కొడితే మిర్రర్ లిస్ట్ సర్వరే దొరకడం లేదని ఎర్రర్ వచ్చింది. వెతికితే సెంట్ఓఎస్ 7 గడువు 2024 జూన్ 30నే అయిపోయిందని తెలిసింది. మా సార్‌కి చెప్తే "నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం" అన్నారు.

అల్మా లినక్సా, రాకీనా, ఉబుంటూనా, డెబియనా? మా సార్ స్నేహితుడు ఒకాయన విండోస్ సర్వర్ కొనేయమంటున్నారు. ఒక్క పేరు చెప్పండి చాలు, మారిపోతాను.

పాత_అడ్మిన్ | ఆదివారం, రాత్రి 11:05

రవి గారూ, ఒక్క పేరు చెప్పడం తేలికే. దానితో మీ పని మాత్రం అవదు.

ముందు ఆ ఎర్రర్ సంగతి. గడువు ముగిశాక సెంట్ఓఎస్ 7 ప్యాకేజీలన్నీ వాల్ట్ అనే పాత సామాన్ల గదిలోకి వెళ్లిపోయాయి. రెపో ఫైలులో చిరునామా మార్చుకుంటే యమ్ మళ్లీ పలుకుతుంది. కానీ అక్కడ దొరికేవి 2024 జూన్ నాటి సరుకులే. ఎర్రర్ పోయింది కదా అని సంతోషపడకండి.

రెండోది, ఇప్పుడున్న సర్వర్‌ని అక్కడికక్కడే అప్‌గ్రేడ్ చేయకండి. పక్కన కొత్త వీపీఎస్ ఒకటి తీసుకుని, అన్నీ అక్కడ నిలబెట్టి, చూసుకుని, చివర్లో డొమైన్ అటు తిప్పండి. ఒక నెల రెండు అద్దెలు కడతారు. ఆ డబ్బు ప్రశాంతంగా నిద్రపోవడానికి అనుకోండి.

పీహెచ్‌పీ 5.4 అన్నారు. కోడ్‌లో డేటాబేస్‌కి ఎలా కలుపుతున్నారో చూసి చెప్పండి. పాత మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ ఫంక్షన్ వాడుతుంటే మీ అసలు పని ఓఎస్ కాదు.

డెబియన్_దాసు | ఆదివారం, రాత్రి 11:18

డెబియన్. ఇంకేం ఆలోచించొద్దు. 1993 నుంచి ఉంది, వెనక కంపెనీ లేదు, కాబట్టి రేపు పొద్దున ఎవరో బోర్డు మీటింగ్‌లో కూర్చుని "ఇక ఆపేద్దాం" అనరు. సెంట్ఓఎస్ 8కి ఏమైందో గుర్తుందిగా? 2029 దాకా ఉంటుందని నమ్మి జనం ఎక్కించుకున్నారు. 2020 డిసెంబర్‌లో ప్రకటన వచ్చింది, 2021 ఆఖరుకి దుకాణం మూసేశారు.

కొంపల్లి_కిరణ్ | ఆదివారం, రాత్రి 11:31

దాసు అన్నా, ఆ దెబ్బ తర్వాతే కదా అల్మా, రాకీ పుట్టింది. రాకీ పెట్టింది సెంట్ఓఎస్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జరే. చనిపోయిన తన సహచరుడు రాకీ మెక్‌గా పేరు పెట్టారు. అల్మా 2021 మార్చిలోనే వచ్చేసింది. 9వ వెర్షన్‌కి 2032 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయి.

రవికి యమ్ అలవాటు, సిస్టమ్‌డీ అలవాటు, ఫైళ్లు ఎక్కడుంటాయో తెలుసు. డెబియన్‌కి వెళ్తే అపాచీ ఫోల్డర్ పేరు దగ్గర్నుంచి మారుతుంది. అలవాటైన చెయ్యి తప్పు తక్కువ చేస్తుంది. అల్మా 9 పెట్టుకో రవీ.

బీఎస్డీ_భాయ్ | ఆదివారం, రాత్రి 11:50

లినక్స్ కాని ఇంకో ఓఎస్, ఫ్రీబీఎస్డీ పేరు ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నా. మీరంతా కంటైనర్లు కంటైనర్లు అంటారు గానీ, అలాగే ప్రోగ్రామ్‌ని మిగతా సర్వర్ నుంచి వేరు చేసి బంధించే జైళ్లు 2000లోనే ఇచ్చింది మేము. జెడ్ఎఫ్ఎస్ (దాని ఫైల్ సిస్టమ్) స్నాప్‌షాట్ సెకన్లలో అయిపోతుంది, తేడా వస్తే సెకన్లలో వెనక్కి. నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సర్వర్లు నడిచేది దాని మీదే.

ఇరానీచాయ్ | సోమవారం, ఉదయం 12:02

వచ్చాడండీ భాయ్! చర్చ ఏదైనా సరే, జైలుకి పంపకుండా వదలడు.

బీఎస్డీ_భాయ్ | సోమవారం, ఉదయం 12:06

నవ్వండి నవ్వండి. అయినా నిజం ఒప్పుకుంటా. రవి తిరుపతి వెళ్లి మూడు రోజులు ఫోన్ ఆపేస్తే ఆ సర్వర్‌ని చూడగలిగే కుర్రాడు హైదరాబాద్‌లో తేలిగ్గా దొరకాలి. అమీర్‌పేటలో ఏ గల్లీలో నిలబడి పిలిచినా లినక్స్ వచ్చినవాళ్లు పదిమంది వెనక్కి తిరుగుతారు. ఫ్రీబీఎస్డీ అంటే నేనొక్కణ్నే తిరుగుతాను. ఈ పనికి నా ఓటు కూడా లినక్స్‌కే.

రిపోర్టుల_రవి | సోమవారం, మధ్యాహ్నం 1:15

పాత అడ్మిన్ సార్, చూశాను. మైఎస్‌క్యూఎల్_కనెక్టే. మొత్తం 140 ఫైళ్లలో ఉంది. గుండె జారింది.

పాత_అడ్మిన్ | సోమవారం, మధ్యాహ్నం 1:40

అనుకున్నదే. ఆ ఫంక్షన్ల కుటుంబం మొత్తాన్నీ పీహెచ్‌పీ 7లో, అంటే 2015 డిసెంబర్‌లోనే తీసేశారు. ఇప్పుడు మీరు ఏ కొత్త ఓఎస్ పెట్టినా దానితో వచ్చేది పీహెచ్‌పీ 8. మొదటి పేజీకే తెల్ల తెర కనిపిస్తుంది. 140 ఫైళ్లు అని భయపడకండి. చాలావరకు ఒకే రకం మార్పు. కానీ క్వెరీల్లో పేషెంట్ టైపు చేసిన మాటని నేరుగా అతికిస్తుంటే ఈ అవకాశంలోనే అవన్నీ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లుగా (క్వెరీ వేరుగా, టైపు చేసిన మాట వేరుగా పంపే పద్ధతి) మార్చేయండి. మళ్లీ ఇల్లు విప్పే రోజు రాదు.

కొత్తగా_వచ్చా | సోమవారం, మధ్యాహ్నం 2:10

సార్, నేను అమీర్‌పేటలో డెవ్‌ఆప్స్ కోర్సు చేస్తున్నాను. తప్పయితే క్షమించండి. పీహెచ్‌పీ 5.4ని డాకర్ కంటైనర్‌లో (తన సామాన్లతో విడిగా నడిచే డబ్బా) పెట్టి కొత్త ఓఎస్ మీద నడిపితే కోడ్ మార్చక్కర్లేదు కదా?

పాత_అడ్మిన్ | సోమవారం, మధ్యాహ్నం 2:35

తప్పేం లేదు తమ్ముడూ, చాలామంది చేసేది అదే. నడుస్తుంది కూడా. కానీ పురుగు పట్టిన బియ్యాన్ని కొత్త డబ్బాలో పోస్తే పురుగు పోతుందా? కింద ఓఎస్‌కి అప్‌డేట్లు వస్తాయి, లోపల పీహెచ్‌పీ మాత్రం అదే పాతది. బయటి జనం తాకేది దాన్నే. రవి గారికి కోడ్ మార్చడానికి నెల పడుతుందనుకుంటే ఆ నెల గడవడానికి అది పనికొస్తుంది. అదే కాపురం చేసుకోకూడదు.

కొత్తగా_వచ్చా | సోమవారం, మధ్యాహ్నం 2:41

ఇంకొక్కటి సార్. మా క్లాసులో "వెర్షన్ నంబర్ పాతదైతే ప్రమాదం" అన్నారు. అపాచీ 2.4.6 అంటే 2013 నాటిది కదా, మరి ఇన్నేళ్లు అందరూ ఎలా వాడారు?

పాత_అడ్మిన్ | సోమవారం, సాయంత్రం 4:20

మంచి ప్రశ్న. దీని మీద నాకు ఆడిటర్లతో ఎన్ని గొడవలో.

రెడ్‌హ్యాట్ కుటుంబమైనా (సెంట్ఓఎస్, అల్మా, రాకీ అందులోవే), డెబియన్ అయినా, ఉబుంటూ దీర్ఘకాలిక వెర్షన్ అయినా పద్ధతి ఒకటే. విడుదల రోజున ప్యాకేజీ వెర్షన్ దాదాపుగా స్తంభింపజేస్తారు. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ అసలు ప్రాజెక్టులో ఏదైనా సెక్యూరిటీ లోపం బయటపడితే, కొత్త వెర్షన్ మొత్తం తేకుండా, ఆ ఒక్క అతుకుని పాత వెర్షన్‌కి కుట్టేస్తారు. బయటికి కనిపించే నంబర్ 2.4.6 అనే ఉంటుంది. వెనక అడ్డగీత (హైఫన్) తర్వాత వచ్చే చిన్న నంబర్ మాత్రమే మారుతుంది. లోపాలు వెతికే స్కానర్‌కి ఆ సంగతి తెలీదు, ఎర్రగా చూపిస్తుంది. అప్పుడు ప్యాకేజీ చేంజ్‌లాగ్ తెరిచి, ఫలానా లోపం ఫలానా రోజున సరిచేశారని ఆడిటర్‌కి చూపించాలి. కాబట్టి 2024 జూన్ దాకా ఆ 2.4.6 నిజానికి 2013 నాటిది కాదు. ఆ తర్వాత కుట్టేవాడు లేడు. రవి గారి టెన్షన్ ఇప్పుడు మొదలవ్వాల్సింది అందుకే.

ఈ నిదానం వల్ల లాభం కూడా ఉంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి విన్నావు కదా. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వితే బయటపడింది. ఆ చెడ్డ వెర్షన్లు 5.6.0, 5.6.1 డెబియన్ పరీక్షా శాఖల దాకా, ఫెడోరా ముందస్తు వెర్షన్ల దాకా వచ్చాయి. డెబియన్ స్టేబుల్‌కి గానీ రెడ్‌హ్యాట్ సర్వర్ వెర్షన్లకి గానీ చేరలేదు. సర్వర్ మీద "లేటెస్ట్" అనే మాటకి ఆశపడకు.

ఇరానీచాయ్ | సోమవారం, సాయంత్రం 4:33

అర సెకను ఆలస్యానికి అంత తవ్వాడా! మా ఆఫీసులో లాగిన్ అరగంట పట్టినా "నెట్ స్లో ఉంది" అని చాయ్‌కి పోతాం.

డేటాబేస్_అక్క | సోమవారం, రాత్రి 9:10

ఓఎస్ పంచాయితీ కాసేపు ఆపండి. రవీ, పేషెంట్‌కి వెళ్లే ఎస్ఎంఎస్‌లో లింకు ఎలా ఉంటుంది?

రిపోర్టుల_రవి | సోమవారం, రాత్రి 9:22

మా సైటు పేరు, స్లాష్, రిపోర్ట్, చివర్లో రిపోర్ట్ నంబర్ అక్కా. ఆరు అంకెలు.

డేటాబేస్_అక్క | సోమవారం, రాత్రి 9:24

లాగిన్ అడుగుతుందా? ఆ నంబర్‌కి ఒకటి కలిపి నీ ఫోన్‌లో తెరిచి చూడు.

రిపోర్టుల_రవి | సోమవారం, రాత్రి 9:31

తెరుచుకుంది. ఎవరో పెద్దావిడ షుగర్ రిపోర్టు. పేరు, వయసు, ఫోన్ నంబర్, అన్నీ. చేతులు చల్లబడ్డాయి అక్కా.

డేటాబేస్_అక్క | సోమవారం, రాత్రి 9:48

పదేళ్లుగా తెరిచే ఉంది తలుపు. దీన్ని అల్మా ఆపదు, డెబియన్ ఆపదు, భాయ్ గారి జైలూ ఆపదు. రేపటిదాకా ఆగకు. ఈ రాత్రే పాత సర్వర్ మీదే సరిచెయ్.

టేబుల్‌లో ఒక కొత్త కాలమ్ పెట్టి, ప్రతి రిపోర్టుకీ ఊహించలేని పొడుగాటి టోకెన్ రాయి. రిపోర్ట్ నంబర్‌కి ఎండీ5 (ఎవరు చేసినా ఒకే జవాబిచ్చే లెక్క) చేసి పెట్టేవాళ్లుంటారు, అలా వద్దు, అది ఊహించేయొచ్చు. పీహెచ్‌పీ 5.4లో ర్యాండమ్_బైట్స్ లేదు, కాబట్టి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఇచ్చే ర్యాండమ్ బైట్ల ఫంక్షన్ వాడు, 16 బైట్లు చాలు. కొత్త ఎస్ఎంఎస్‌ల్లో టోకెన్ లింకే వెళ్లాలి. పాత లింకులు పూర్తిగా ఆపెయ్. ఎవరైనా అడిగితే కౌంటర్ వాళ్లు కొత్త లింకు పంపుతారు.

మీ సార్ "నడుస్తోంది కదా" అంటే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి చెప్పు. డేటాకి తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా రాసి ఉంది అందులో. మీ సెంటర్‌కి అంత వేస్తారని కాదు. ఆ అంకె వింటే కొత్త వీపీఎస్ అద్దె మీద బేరం ఆడరు.

రిపోర్టుల_రవి | మంగళవారం, ఉదయం 3:05

అయింది. పాత లింకులు మూసేశాను, టోకెన్లు పెట్టాను. పొద్దున కౌంటర్‌లో తిట్లు పడతాయి, పడనీ.

కొంపల్లి_కిరణ్ | మంగళవారం, ఉదయం 8:15

శభాష్ రవీ. పడుకుని లేచాక ఇంకో పని. పోర్ట్ 22లో (ఎస్ఎస్‌హెచ్ తలుపు) పాస్‌వర్డ్ లాగిన్ ఇంకా తెరిచి ఉంటే మూసెయ్, కీ (ఫైలు రూపంలో ఉండే తాళంచెవి) మాత్రమే ఉంచు. లాగ్ తెరిస్తే తెలుస్తుంది, ఊరూపేరూ లేని ఐపీలు రోజంతా తలుపు తడుతుంటాయి.

ఫైర్‌వాల్ పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. నేను ఒకసారి 22ని అనుమతించకుండానే ఫైర్‌వాల్ ఆన్ చేశా. అది గణేశ్ నిమజ్జనం రోజు. నేను ట్యాంక్‌బండ్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పనిచేస్తున్నా. కనెక్షన్ పోయింది. నెట్ పోయిందనుకున్నా. సర్వర్ నన్నే బయట పెట్టి గడియ వేసుకుంది. హోస్టింగ్ వాళ్ల ప్యానెల్‌లో కన్సోల్ ఉంటుందని ఆ రోజు తెలిసింది. వీపీఎస్ తీసుకునేముందు అది ఉందో లేదో చూసుకో.

పాత_అడ్మిన్ | మంగళవారం, ఉదయం 10:30

ర్యామ్ సంగతి కూడా చెప్పేస్తాను, 2 జీబీ కాబట్టి. రవి గారూ, నెలకోసారైనా డేటాబేస్ దానంతటదే ఆగిపోతుందా?

రిపోర్టుల_రవి | మంగళవారం, మధ్యాహ్నం 12:50

ఆగుతుంది సార్! సోమవారం పొద్దున రద్దీలో. రీస్టార్ట్ చేస్తే మళ్లీ బాగుంటుంది. కారణం ఎప్పుడూ తెలీలేదు.

పాత_అడ్మిన్ | మంగళవారం, మధ్యాహ్నం 1:25

కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) లాగ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" అని వెతకండి, ఆ సోమవారం టైముకే దొరుకుతుంది. జరిగేది ఇది. మీ అపాచీ ప్రీఫోర్క్ పద్ధతిలో (ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్) ఉంది, ప్రతి ప్రాసెస్ పీహెచ్‌పీని కడుపులో పెట్టుకుని 50 ఎంబీ దాకా తింటుంది. డీఫాల్ట్‌గా ఆ ప్రాసెస్‌లు 256 దాకా పుట్టొచ్చు. లెక్క వేయండి, 12 జీబీ దాటుతుంది. మీ దగ్గరుంది 2. మెమరీ అయిపోతే కెర్నెల్ ఎవరో ఒకర్ని బలి ఇవ్వాలి, ఎక్కువ తింటున్న ఒక్క ప్రాసెస్ మీద చెయ్యేస్తుంది. అది ఎప్పుడూ పాపం డేటాబేసే. గొడవ చేసింది అపాచీ, చచ్చింది మరియాడీబీ.

కొత్త సర్వర్‌లో పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని అపాచీ బయట నడిపేది) విడిగా పెట్టండి. సిస్టమ్‌కి 400 ఎంబీ, డేటాబేస్‌కి 600 తీసేస్తే వెయ్యి మిగులుతుంది. ఒక్కో పిల్ల ప్రాసెస్ 50 అనుకుంటే 20కి మించి పుట్టకుండా కట్టేయండి. ఇరవై ఒకటో పేషెంట్ ఒక సెకను లైన్‌లో నిలబడతాడు. అందరూ కలిసి కూలిపోవడం కన్నా నయం. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (ఇంకో వెబ్ సర్వర్) పెడతారా, అపాచీనే ఉంచుతారా అన్నది మీ రద్దీకి పెద్ద తేడా కాదు. ఎన్‌జిన్‌ఎక్స్ పుట్టిందే వేల కనెక్షన్లు ఒక్కసారి మోయడానికి, మీకు అన్ని లేవు. పాత రీరైట్ రూల్స్ (లింకుల్ని మార్చి పంపే నియమాలు) ఉన్నాయి కాబట్టి అపాచీనే ఉంచుకోండి.

డెబియన్_దాసు | మంగళవారం, మధ్యాహ్నం 1:41

ఇంతకీ ఏ ఓఎస్ అనేది తేల్చండి మహాప్రభో.

రిపోర్టుల_రవి | మంగళవారం, మధ్యాహ్నం 2:00

అల్మా 9 తీసుకుంటున్నా దాసు అన్నా. డెబియన్ బాగోదని కాదు, నా చేతికి యమ్ అలవాటు, అంతే. విండోస్ సలహా ఇచ్చినాయనకి లైసెన్స్ ధర కనుక్కోమని చెప్పా, మళ్లీ ఫోన్ చేయలేదు.

రిపోర్టుల_రవి | రెండు వారాల తర్వాత, శనివారం, రాత్రి 11:15

కోడ్ మార్పులు అయ్యాయి. కొత్తగా వచ్చా తమ్ముడు ఆదివారాలు వచ్చి సాయం చేశాడు, థాంక్స్. కొత్త సర్వర్ నిలబెట్టాను. రెండు చోట్ల ఇరుక్కున్నా.

ఒకటి: ఫైళ్లన్నీ హోమ్ ఫోల్డర్‌లోకి తెచ్చి, అక్కణ్నుంచి వెబ్ ఫోల్డర్‌కి మూవ్ చేశాను. అనుమతులన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా "ఫర్బిడెన్" అంటోంది. ఎస్ఈలినక్స్ (లినక్స్‌లోని అదనపు కాపలా) ఆపేస్తే పనిచేస్తోంది. ఆపేసి ఉంచేయనా? పాత సర్వర్‌లో ఆపేసే ఉంది.

రెండు: డేటాబేస్ దిగుమతి చేస్తే తెలుగు పేర్లన్నీ పాడైపోయాయి. పేరు ఉండాల్సిన చోట ఏవేవో గుర్తులు.

పాత_అడ్మిన్ | శనివారం, రాత్రి 11:28

ఆపకండి! పొగ అలారం మోగుతోందని బ్యాటరీ పీకేసినట్టే అది. ఎస్ఈలినక్స్‌లో ప్రతి ఫైలుకీ ఒక లేబుల్ ఉంటుంది. హోమ్‌లో పుట్టిన ఫైలుకి హోమ్ లేబుల్. కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ వస్తుంది, మూవ్ చేస్తే పాత లేబుల్‌తోనే వచ్చేస్తుంది. అపాచీకి హోమ్ లేబుల్ ఉన్న ఫైళ్లు చదివే హక్కు లేదు. వెబ్ ఫోల్డర్ మీద రిస్టోర్‌కాన్ (లేబుళ్లు సరిచేసే కమాండ్) ఒక్కసారి నడపండి, సర్దుకుంటుంది. పీడీఎఫ్‌లు రాసే ఫోల్డర్‌కి మాత్రం విడిగా రాసే హక్కున్న లేబుల్ ఇవ్వాలి. ఆ ఒక్క ఫోల్డర్‌కే, మొత్తానికి కాదు.

డేటాబేస్_అక్క | శనివారం, రాత్రి 11:34

రవీ, ఆ గుర్తుల్లో నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ "ఏ" (a) అక్షరం, దాని పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఇలా మళ్లీ మళ్లీ వస్తున్నాయా?

రిపోర్టుల_రవి | శనివారం, రాత్రి 11:36

అవునక్కా, అచ్చం అలాగే! చూడకుండా ఎలా చెప్పారు?

డేటాబేస్_అక్క | ఆదివారం, ఉదయం 12:20

తెలుగు డేటాబేస్‌లు చూసి చూసి. అయితే డేటా ఎక్కడికీ పోలేదు, కంగారు పడకు.

యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాల్నీ బైట్లుగా రాసే పద్ధతి) మన ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, ఆఖరికి పొల్లుకీ మూడేసి బైట్లు పడతాయి. మొదటి రెండు బైట్లు అన్నింటికీ దాదాపు ఒకటే. వాటిని లాటిన్-1 (పశ్చిమ యూరప్ అక్షరాల పాత పద్ధతి) కళ్లద్దాలతో చూస్తే ఆ గీత ఉన్న "ఏ", డిగ్రీ లేదా ప్లస్-మైనస్ కనిపిస్తాయి. మీ పాత అప్లికేషన్ పేజీ యూటీఎఫ్-8, టేబుల్ లాటిన్-1, కనెక్షన్ కూడా లాటిన్-1. పోయేటప్పుడు తప్పుగా పోయింది, వచ్చేటప్పుడూ అదే తప్పుతో వచ్చింది, రెండు తప్పులూ కొట్టేసుకుని తెర మీద తెలుగు బాగా కనిపించింది. పదేళ్లూ అలాగే నడిచింది. కొత్త సర్వర్ సరైనది కాబట్టి ఒక తప్పే మిగిలింది, బొమ్మ బయటపడింది.

మందు: పాత సర్వర్ నుంచి డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ ఫైలు) తీసేటప్పుడు క్యారెక్టర్ సెట్ లాటిన్-1 అని చెప్పి తియ్, క్యారెక్టర్ సెట్ లైను రాయొద్దనే ఆప్షన్ కూడా ఇవ్వు. అప్పుడు డంప్ ఫైల్ తెరిస్తే అసలైన తెలుగు కనిపించాలి. కనిపించకపోతే ముందుకి పోకు. కనిపిస్తే టేబుల్ నిర్వచనాల్లో లాటిన్-1 అని ఉన్నచోటల్లా యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చి, కొత్త సర్వర్‌లో అదే క్యారెక్టర్ సెట్‌తో ఎక్కించు. ఒట్టి యూటీఎఫ్8 పెట్టకు. మైఎస్‌క్యూఎల్ లెక్కలో అది మూడు బైట్లదే. తెలుగుకి సరిపోతుంది గానీ ఎవరైనా ఎమోజీ పెడితే తన్నేస్తుంది.

రిపోర్టుల_రవి | ఆదివారం, ఉదయం 1:45

డంప్‌లో తెలుగు కనిపించింది! కానీ ఎక్కించేటప్పుడు మధ్యలో "స్ట్రింగ్ విలువ తప్పు" అని ఆగిపోయింది. ఆ లైనులో పేరు "పి. లక్ష్మీ" తర్వాత ఏదో సగం అక్షరం.

డేటాబేస్_అక్క | ఆదివారం, ఉదయం 1:58

పేరు కాలమ్ పొడవు 30 కదూ?

రిపోర్టుల_రవి | ఆదివారం, ఉదయం 2:01

30.

డేటాబేస్_అక్క | ఆదివారం, ఉదయం 2:25

లాటిన్-1లో 30 అంటే 30 బైట్లు. తెలుగుకి పది అక్షరాలు, గుణింతాలు, పొల్లులు అన్నీ కలిపి పది. మరియాడీబీ 5.5 ఎక్కువైనదాన్ని నోరు మెదపకుండా కోసేసేది. "పి" తర్వాత చుక్కకీ ఖాళీకీ ఒక్కో బైటే కాబట్టి అక్కడ కోత అక్షరం మధ్యలో పడింది, సగం అక్షరం మిగిలింది. కొత్త వెర్షన్ కచ్చితంగా ఉంటుంది, ఒప్పుకోదు. డంప్ ఫైల్‌ని ఐకాన్వ్‌లో (అక్షరాల పద్ధతి మార్చే కమాండ్) పెట్టి, చెల్లని బైట్లు వదిలేయమని చెప్పి ఒకసారి వడకట్టు, తర్వాత ఎక్కించు.

ముందు పాత సర్వర్‌లో సరిగ్గా 30 బైట్లున్న పేర్ల జాబితా తీసి పెట్టుకో. కోత పడ్డ పేర్లన్నీ అందులోనే ఉంటాయి. పోయిన భాగం ఏ క్వెరీతోనూ తిరిగి రాదు, మనుషుల్ని అడిగి రాసుకోవాల్సిందే.

రిపోర్టుల_రవి | ఆదివారం, ఉదయం 2:40

అక్కా, మా కౌంటర్‌లో శ్రీలత గత మూడేళ్లుగా "వెంకటేశ్వర్లు గారి పేరు సగమే వస్తోంది" అంటూనే ఉంది. ప్రింటర్ తప్పనుకుని కార్ట్రిడ్జ్ మార్చాను.

ఇరానీచాయ్ | ఆదివారం, ఉదయం 2:44

వ, ఎత్వం, సున్నా, క, ట, ఏత్వం, శ, పొల్లు, వ, ర. పది! "వెంకటేశ్వర" దగ్గర కత్తెర పడింది. అది కూడా పేరులానే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఈ టైములో మేలుకుని వేళ్లు లెక్కపెట్టుకుంటున్నా చూడండి నా బతుకు.

రిపోర్టుల_రవి | మంగళవారం, రాత్రి 9:30

ఆదివారం సాయంత్రం సెంటర్ మూశాక డొమైన్ తిప్పాను. రెండు రోజులుగా నడుస్తోంది. సోమవారం రద్దీలో డేటాబేస్ పడలేదు.

ఒక్క వింత. రోజూ రాత్రి 11:30కి బిల్లుల లెక్క మూసే క్రాన్ (టైముకి దానంతటదే నడిచే పని) ఉంది. అది పొద్దున 5 గంటలకి నడుస్తోంది.

కొంపల్లి_కిరణ్ | మంగళవారం, రాత్రి 9:36

కొత్త వీపీఎస్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది. మనం ఐదున్నర గంటలు ముందు. సర్వర్ టైమ్‌జోన్ కోల్‌కతా అని పెట్టి క్రాన్ సర్వీస్ రీస్టార్ట్ చెయ్. పీహెచ్‌పీకి విడిగా ఇంకో సెట్టింగ్ ఉంది, అదీ మార్చు.

బీఎస్డీ_భాయ్ | మంగళవారం, రాత్రి 9:50

సైటు హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్? ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ది 90 రోజులకే అయిపోతుంది. రెన్యువల్ టైమర్ నడుస్తోందో లేదో ఇప్పుడే ఉత్తుత్తి రెన్యువల్ ఒకటి చేసి చూడు. గడువు దగ్గరపడితే మెయిల్ వస్తుందిలే అనుకోకు, 2025 జూన్‌లో వాళ్లు ఆ మెయిళ్లు ఆపేశారు.

పాత_అడ్మిన్ | మంగళవారం, రాత్రి 10:15

బ్యాకప్ ఎక్కడ పెడుతున్నారు రవి గారూ?

రిపోర్టుల_రవి | మంగళవారం, రాత్రి 10:20

రోజూ రాత్రి అదే సర్వర్‌లో బ్యాకప్ ఫోల్డర్‌లోకి సార్.

పాత_అడ్మిన్ | మంగళవారం, రాత్రి 10:24

పర్సులోనే పర్సు పోతే కావాల్సిన డబ్బు దాచుకున్నట్టు. వేరే కంపెనీ దగ్గర, వేరే ఖాతాలో ఒక కాపీ పెట్టండి, ఎన్‌క్రిప్ట్ చేసి. నెలకోసారి దాన్ని ఒక ఖాళీ మెషీన్ మీద ఎక్కించి, ఒక రిపోర్టు తెరిచి చూడండి. 2003లో సికింద్రాబాద్ కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్న సీడీలతో రెడ్‌హ్యాట్ 9 ఎక్కించిన రోజుల నుంచి చూస్తున్నాను, బ్యాకప్ లేనివాళ్లకన్నా ఉందనుకున్నవాళ్లే ఎక్కువ ఏడ్చారు.

రిపోర్టుల_రవి | శుక్రవారం, మధ్యాహ్నం 12:10

బ్యాకప్ బయటికి వెళ్తోంది, నిన్న ఒకటి ఎక్కించి తెరిచి చూశాను సార్. కోత పడ్డ పేర్ల జాబితా కౌంటర్‌లో ఉంది, ఆ పేషెంట్ వచ్చినప్పుడల్లా శ్రీలత పూర్తి పేరు అడిగి రాస్తోంది.

ఈరోజు పొద్దున వెంకటేశ్వర్లు గారు నెలవారీ షుగర్ పరీక్షకి వచ్చారు. రిపోర్టు ప్రింట్ తీసి ఇచ్చాం. అంకెల వైపు చూడనే లేదు. కళ్లజోడు పైకి జరుపుకుని పేరు మీద వేలు పెట్టి చదువుకుంటూ వెళ్లి, చివర్లో "ర్లు వచ్చిందే!" అన్నారు.